ముఠా వేసిన మడి

తొంభైలలో ఒక మధ్యాహ్నం మా ఊరి బడి వరండాలో ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి, నల్గొండ నుంచి వచ్చిన ఒక కుర్ర ఆఫీసరు సంఘం అంటే ఏమిటో చెప్పాడు. నల్లబల్ల మీద సున్నా చుట్టి, లోపల చుక్కలు పెట్టి, చుక్కలన్నీ మీరు, చుట్టూ ఉన్న గీత సంఘం అన్నాడు. మా అత్త నా పక్కన కూర్చుని వక్క నములుతూ అంతా ఓపిగ్గా వింది. అయిపోయాక మోకాళ్ళు పట్టుకుని లేచి, ఇది తమకు కొత్తేమీ కాదని, ఎప్పటినుంచో తాము ముఠా మనుషులమేనని చెప్పింది. ఆ పిల్లవాడు ఉలిక్కిపడ్డాడు. అటూ ఇటూ చూసి, ఆ మాట బయట అనొద్దమ్మా, ముఠా అంటే దొంగలూ రౌడీలూ అనుకుంటారు, మీరు సంఘం అనే చెప్పుకోవాలి అని గొంతు తగ్గించి నచ్చజెప్పాడు.

నాకు ఒళ్ళు మండింది. నాకు ఒళ్ళు మండటానికి పెద్ద కారణం అక్కర్లేదని మా ఇంట్లో పొయ్యి పక్కన పడుకునే పిల్లికి కూడా తెలుసు కానీ, ఆ రోజు కారణం ఉంది. లేచి నాలుగు మాటలు అందామనుకుంటే అత్త కొంగు పట్టి కూర్చోబెట్టింది. అయినా ఆ పిల్లవాణ్ణి ఏమని అనేది? పెళ్ళికి ముందు నేనూ అదే అనుకున్నాను. ముఠా అన్న మాటకు అర్థం నాకు ఒక పటేలు పొలంలో, మోకాలి లోతు బురదలో దొరికింది. బడి వరండాలో చుక్కలు లెక్కబెడుతూ నేను తలచుకున్నది ఆ పొలాన్నే.

నేను పుట్టింది పాలమూరు వైపు ఒక మెట్ట ఊళ్ళో. వాన పడితే జొన్న, ఆముదం, కంది. పడకపోతే ఆకాశం వైపు చూడటం. మా దగ్గర మనుషులు కలిసి పనికి పోతే దాన్ని గుంపు అనేవాళ్ళు. ఎండాకాలం ముందర గుంపు మేస్త్రి వచ్చి, ఇంటికింత బయానా చేతిలో పెట్టి, మనుషుల్ని లారీలో ఎక్కించుకుని ఎక్కడెక్కడి డ్యాముల పనులకో తీసుకుపోయేవాడు. మా నాయిన కూడా పోయాడు. అక్కడ ఆయన పేరు ఎవరికీ అక్కర్లేదు. మట్టి తట్ట ఎత్తాలన్నా, బువ్వకు పిలవాలన్నా "ఓ పాలమూరోడా" అనే పిలుపేనట. ఇంటికి వచ్చాక గుంపు మాట ఎత్తితే బీడీ ముట్టించుకుని బయటికి నడిచేవాడు. అందుకని చిన్నప్పటినుంచీ నాకు గుంపు అన్న మాట వింటే గొంతులో దుమ్ము పడ్డట్టుండేది.

ఇక ముఠా. అది నాకు పేపరు మాట. పదో తరగతి పాసైన దాన్ని కాబట్టి, హోటల్లో నలిగిపోయిన పేపరు నాయిన ఇంటికి తెచ్చి నాతో చదివించుకునేవాడు. దొంగనోట్ల ముఠా, గొలుసులు తెంపే ముఠా, బస్టాండులో జేబులు కొట్టే ముఠా. ఏ ముఠా అయినా చివరికి పట్టుబడేది, పోలీసుల మధ్య తలలు వంచుకుని ఫోటో దిగేది. ముఠాలో ఆడవాళ్ళు ఉంటారని గానీ, వాళ్ళు మా ఇంటికి పెళ్ళిచూపులకు వస్తారని గానీ నేను కలలో కూడా అనుకోలేదు.

ఎనభైలలో ఒక చలికాలం వచ్చారు. హుజూర్‌నగర్ దగ్గరి ఊరు, కాలువ నీళ్ళ పొలాలు, పిల్లాడికి రైసు మిల్లులో పని. నన్ను చూసి, నా చేతులు తిప్పి చూసి, చాయ తాగి, కాబోయే అత్త మా అమ్మతో అసలు మాట అంది. "మా ఇంటికొస్తె మాతోని ముఠాల దిగాలె. గది ఒప్పుకుంటెనే మాట."

 నేను తలుపు వెనక నుంచి అమ్మకు సైగలు చేస్తూనే ఉన్నాను, వద్దు, వద్దు అని.  వాళ్ళు వెళ్ళిన రెండు రోజులకు నాయిన తువ్వాల భుజాన వేసుకుని బస్సెక్కి హుజూర్‌నగర్ దాకా పోయి, ఊరంతా విచారించి వచ్చాడు. వచ్చి కడుపు పట్టుకుని నవ్వాడు. నాట్లేసే ఆడోళ్ళట. ఆ దిక్కు వాళ్ళ జట్టును ముఠా అంటారట. దొంగలైతే మన ఇంటికి ఎందుకొస్తరే, మన దగ్గర ఏముందని, అన్నాడు. ఆ మాట మాత్రం నిజమే.

అట్లా నేను నీళ్ళ ఊరికి వచ్చాను. కాలువలో నీళ్ళు అడగకుండానే పారుతుంటే మొదటి నెల నాకు భయమేసేది, ఎవరో కట్టెయ్యడం మరిచిపోయారేమోనని. మా అత్త నవ్వి నవ్వి ఊరందరికీ చెప్పింది.

ముఠాకు పెద్ద ఒక ముస్లిం ఆడమనిషి. అందరూ మేస్త్రమ్మ అనేవాళ్ళు. నల్లగా, పొడుగ్గా, చెవుల నిండా వెండి పోగులతో ఉండేది. నోరు విప్పితే కాలువ అవతలి గట్టు మీది కొంగలు లేచిపోయేవి. ముఠాను గుత్తకు మాట్లాడేది ఆమె, తను కూడా పొలంలో దిగేది, వచ్చినదాంట్లో అందరితో సమానంగా తీసుకునేది. అదే నాకు మొదట వింతగా తోచింది. మా వైపు గుంపు మేస్త్రి గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చుంటాడు. ఇక్కడ మేస్త్రమ్మకు అందరికంటే ముందు నడుం నొప్పి వచ్చేది.

ఆ ఊళ్ళో పని అంతా ముఠా చేతిలోనే ఉండేది. ముఠాలో లేని ఆడమనిషి పొద్దున్నే సెంటర్లో నిలబడి, ఎవరైనా పిలుస్తారేమోనని ఎదురు చూడాలి. నేను అక్కడ నిలబడదలచుకోలేదు. మా నాయిన ఎన్నో ఊళ్ళ సెంటర్లలో నిలబడ్డాడు, మా ఇంటికి అది చాలు. నాకు కావలసింది ఒక్కటే, ఆ వరసలో నాకంటూ ఒక చోటు. నన్ను ఊరి పేరుతో కాకుండా నా పేరుతో పిలిచే చోటు.

మేస్త్రమ్మ నన్ను పైనుంచి కిందికి చూసి, వానకాలం నాట్లు అయ్యేదాకా చూస్తానంది. చెయ్యి కుదిరితే ఉంటావు, కుదరకపోతే ఇంట్లో మీ అత్తకు వంట చేసుకుంటూ ఉండమంది. మా అత్తకు వండే మాట విని ముఠాలో సగం మంది నవ్వారు. ఎందుకో నాకు తర్వాత తెలిసింది. ఎవరు వండినా మా అత్తకు కూరలో ఏదో ఒకటి తక్కువే.

నాటు వేసేటప్పుడు అందరూ మడిలో ఒక వరసగా నిలబడతారు. ఆ వరసను మునుము అంటారు. ఒక్కొక్కరికి చేతులు చాపినంత వెడల్పు పట్టె. ఎడమ చేతిలో నారు కట్ట పట్టుకుని, కుడి చేత్తో నాటుకుంటూ, అందరూ ఒక్కసారే వెనక్కి నడుస్తారు. గట్టు పక్క పట్టె మేస్త్రమ్మది. ఆమె వంగితే మునుము వంగుతుంది, ఆమె పాట ఎత్తితే మునుము పాడుతుంది. కొత్తవాళ్ళను నడుమ దింపుతారు, రెండు వైపులా చూసుకునేవాళ్ళు ఉంటారని. నాకు ఒక పక్క మా అత్త, ఇంకో పక్క ఇంకొకామె. ఆమెది మాట పదును. పొద్దున్నే ఎదురైతే తిరిగి అనాల్సిన మాట ఒకటి ఆ రోజంతా మనకు బాకీ పెట్టి పోయేది. వరసకు మా అత్తకు చెల్లెలు కాబట్టి చిన్నత్త అని పిలిచేదాన్ని.

మొదట దిగింది ఊళ్ళో అందరికంటే పెద్ద పటేలు పొలంలో, రోడ్డు పక్కనే ఉన్న పెద్ద మడిలో. బస్సులో పోయేవాళ్ళు కూడా చూసే మడి. పంటకాలంలో ముఠాకు దొరికే పనిలో సగం ఆ పటేలుదే. నేను గట్టిగా అనుకున్నాను, ఎవరికంటే వెనకబడకూడదని. వెనకబడలేదు కూడా. నా చెయ్యి చురుకు. మా ఊళ్ళో మిరప నారు, వంకాయ నారు ఎన్ని నాటలేదు? చెంబుతో నీళ్ళు మోసి, వేలితో లోతుగా పొడిచి, మొక్క పెట్టి, చుట్టూ మట్టి అదిమి నాటేవాళ్ళం. మా దగ్గర పైమట్టిని నమ్మడానికి లేదు. తడి ఎక్కడో కింద ఉంటుంది, వేరును అక్కడిదాకా తీసుకుపోయి అప్పగించి రావాలి. ఇక్కడా అదే చేశాను. బొటనవేలు మొత్తం దిగేదాకా గుచ్చాను, పైన బురద అదిమాను. నీళ్ళు మురికిగా ఉన్నాయి కాబట్టి లోతు ఎవరికీ కనిపించలేదు. ఒకసారి మా అత్త నా వైపు చూసి నారు పొట్టిగుందేమిటని గొణిగి, మళ్ళీ పాటలో పడిపోయింది.

సాయంత్రం గట్టెక్కి చూసుకుని మురిసిపోయాను. మిగిలినవాళ్ళ మొక్కలు గాలికి అటూ ఇటూ ఊగుతున్నాయి, ఒకటీ అరా తేలాయి కూడా. నావి మేకులు కొట్టినట్టు నిలబడ్డాయి. ఇంటికి పోతూ మా ఆయనతో గొప్పగా చెప్పాను. ఆయన మిల్లులో బియ్యం చూసిన మనిషే గానీ నాటు చూసిన మనిషి కాదు. శభాష్ అన్నాడు.

కొన్ని వారాలకు పటేలు నుంచి కబురు వచ్చింది, ముఠా అంతా రమ్మని. పోయాం. గట్టు మీద నిలబడగానే ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. మడి అంతా ముదురు పచ్చగా, పిలకలు వేసి ఒత్తుగా కమ్ముకుంది. దాని నడుమ ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా తిన్నగా ఒక పట్టె, పాపిడి తీసినట్టు. అందులో మొక్కలు నాటిన రోజు ఎంత ఉన్నాయో ఇంచుమించు అంతే ఉన్నాయి, పాలిపోయి, ఒంటి కాళ్ళ మీద నిలబడి. మెడలోతు బురదలో పూడిస్తే మనిషైనా ఏం ఎదుగుతాడు?  రోడ్డు మీద ఒక బస్సు పోయింది. బస్సులో జనమంతా నా పట్టెనే చూస్తున్నట్టు తోచింది.

పటేలు మంచి మనిషే గానీ, ఆ మడి ఆయనకు ఇంటి ముందరి ముగ్గు లాంటిది. కర్రతో పట్టెను చూపించి, "గిది ఎవలు ఏసిండ్రు?" అని అడిగాడు.

"ముఠా ఏసింది," అంది మేస్త్రమ్మ.

"ముఠాకు చేతులుంటయా? మనిషిని సూపియ్యి."

"గుత్త ముఠాకిచ్చినవు పటేలా. ముఠానే అడుగు."

నాకు ఉండబట్టలేదు. తప్పు పనైతే తప్పని ఒప్పుకుని పోవాలి, దాక్కోవడం నా ఒంటికి పడదు. నోరు తెరిచాను. 'నే' అన్న అక్షరం బయటికి వచ్చిందో లేదో, మా అత్త నా పాదం మీద తన మడమతో తొక్కింది. మెట్టె వేలు నలిగి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పటేలు గుడ్డివాడు కాదు, చూశాడు. ఆ పాలమూరు పిల్లేనా, అన్నాడు. మా నాయినకు పడిన పిలుపు నాకూ పడింది. ఆయన మేస్త్రమ్మ వైపు తిరిగి, యాసంగి పంటకు కూడా పొలం మీకే ఇస్తాను గానీ ఈ పిల్ల నా మడిలో కాలు పెట్టకూడదు, ఆలోచించుకోండి అని వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం మేస్త్రమ్మ ఇంటి అరుగు మీద అందరూ కూర్చున్నారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఒక మూల మేస్త్రమ్మ భర్త బొగ్గుల కొలిమి ముందర కూర్చుని ఇత్తడి గిన్నెలకు కళాయి పూస్తున్నాడు. మేం సాయిబు మామ అనేవాళ్ళం. ఊళ్ళోకి స్టీలు గిన్నెలు వచ్చాక ఆయనకు పని తగ్గి మాట పెరిగింది.

మొదట చిన్నత్తే ఎత్తుకుంది. ఒక్క మనిషి కోసం అంత పెద్ద పొలం పోగొట్టుకుందామా అని నేరుగా అడిగేసింది. ఆమె మాటలో అబద్ధం లేదు. ఆమె ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ పొలం పనితోనే. ఇంకో ఇద్దరు తలలూపారు. మా అత్త వైపు చూశాను. ఎప్పుడూ మాటకు రెండు మాటలు చెప్పే మనిషి, కోడలి సంగతి తను మాట్లాడితే బాగుండదని కాబోలు, నేల చూస్తూ కూర్చుంది. నాకు ఆ మౌనం గుచ్చుకుంది. ఎవరూ తగవు పడక్కర్లేదు, నేనే పోతాను, సెంటర్లో నిలబడతాను అనేశాను. 

సాయిబు మామ గిన్నె తిప్పుతూ, ఎవరినీ చూడకుండా, "ముఠా ఎక్కడి మాట ఎరుకనా బేటీ?" అన్నాడు.

నేను తెలియదన్నాను. అది తమ వైపు మాటేనని ఆయన చెప్పాడు. ఉర్దూలో ముట్ఠీ అంటే పిడికిలి. పిడికిట్లో పట్టేంత గడ్డి, పిడికిట్లో పట్టేంత నారు, దాన్ని ముట్ఠా అంటారు. మొదట గడ్డికీ గరికకూ వాడిన మాట, తర్వాత మనుషులకు వచ్చింది, అట్లా ఒకటిగా పట్టుకున్నవాళ్ళు ముఠా అయ్యారు. మసి పట్టిన కుడి చెయ్యి ఎత్తి, వేళ్ళన్నీ ముడిచి చూపించాడు. ఇందులో ఏ వేలు ఏదో బయటివాడికి పని లేదు, వాడికి కనిపించేది పిడికిలే, అన్నాడు.

మేస్త్రమ్మకు ఆయన పాఠాలంటే చిరాకు. ఆ పిడికిలి సంగతి ఉండనీ, చల్లారకముందు గిన్నె తుడువు అంది. మా అత్త అప్పటికి నోరు విప్పి, ఉర్దూ కాదు ఏమీ కాదు, ఒకరినొకరు ముట్టుకుంటూ నిలబడతాం కాబట్టి ముఠా అని తన అర్థం తను చెప్పింది. అందరూ నవ్వారు, సాయిబు మామ అందరికంటే గట్టిగా నవ్వాడు. చాలా ఏళ్ళ తర్వాత నల్గొండ లైబ్రరీలో లావుపాటి నిఘంటువులు తీసి చూశాను. ఒకదాంట్లో అది పరభాషా పదమని ఉంది, ఇంకోదాంట్లో కట్ట అనీ జట్టు అనీ పక్కపక్కనే అర్థాలున్నాయి. పిడికిలిని సంస్కృతంలో ముష్టి అంటారు కదా, రెండూ దూరపు చుట్టాలయి ఉండవచ్చు. సాయిబు మామ ఒక్క బడికీ పోకుండా దగ్గర దగ్గరే కొట్టాడు. మా అత్త అర్థం మాత్రం ఏ నిఘంటువులోనూ లేదు. అయినా నాకు అదీ తీసెయ్యబుద్ధి కాలేదు.

నవ్వు తగ్గాక మేస్త్రమ్మ చిన్నత్త వైపు తిరిగి మెల్లగా అడిగింది. "నీ కాలు ఇరిగినేడు నీ మునుం ఎవలు పట్టిండ్రు?"

ఆ ఏడు చిన్నత్త మంచంలో ఉంటే, ఆమె పట్టెను అటు వాళ్ళు కొంతా ఇటు వాళ్ళు కొంతా కలుపుకుని నాటారట. ఆమె భాగం ఇంటికి చేరిందట. చిన్నత్త చాలాసేపు కొంగుతో ముఖం తుడుచుకుంది. చెమట పట్టేంత ఎండ ఆ అరుగు మీద లేదు. చివరికి, సరే, పొలం పోతే పోతుంది గానీ ముందు దీనికి నాటు నేర్పండి, ఇట్లాగే వేస్తే పటేలు కాదు నేనే తరుముతా అంది.

నేర్పడానికి వచ్చింది కూడా ఆమే. మర్నాడు పొద్దున మా ఇంటి వెనక, బట్టలుతికిన నీళ్ళు పారి బురదైన జాగాలో నన్ను వంగబెట్టింది. అక్కడ నారు ఎక్కడిది? గరిక పీకి కట్టలు కట్టింది. సబ్బు నురగలో, కోళ్ళు చుట్టూ తిరుగుతుండగా, నేను గరిక నాటాను. లోతు పోతే చేతి మీద ఒక్కటి వేసేది. మొక్కను పూడ్చకు, నిలబెట్టు, అనేది. ముగ్గు పిండి పట్టుకున్నట్టు మూడు వేళ్ళతో పట్టుకోవాలి, వేలి మొదటి కణుపు మునిగితే చాలు, తీసేటప్పుడు మట్టి అదమకూడదు, బురదే వచ్చి దాని కాళ్ళు పట్టుకుంటుంది. నీళ్ళున్న ఊళ్ళో వేరును కిందికి అప్పగించాల్సిన పని లేదని నా వేళ్ళకు తెలియడానికి చాలా రోజులు పట్టింది. తెల్లారి లేస్తే మా ఆయన, మీ గరిక పంట ఎట్లుంది, కోతకెప్పుడొస్తది అని అడిగేవాడు. ఒకరోజు చెంబు విసిరాను. తగల్లేదు.

ఈలోగా పటేలు మడిలో కలుపు తీసే రోజులు వచ్చాయి. పిలవకపోయినా ముఠా అంతా పోయి ఆ మడి కలుపు కూలి లేకుండా తీసింది. ముఠా పని చెడితే ముఠానే దిద్దాలని అక్కడి కట్టుబాటు. నేను ఒక్కదాన్నే పోతానంటే మేస్త్రమ్మ ఒప్పుకోలేదు. అయితే పటేలు మాట దాటకుండా నన్ను గట్టు మీదే ఉంచి, వాళ్ళు పీకిన కలుపు మోయించింది. చిన్నత్త నా పట్టెలో దిగి, ఒక్కో మొక్క మొదట్లో మట్టి వేలితో తోడి వదులు చేస్తూ, నాకు వినిపించేటట్టు ఒక్కో మొక్కకూ ఒక్కో తిట్టు తిట్టింది. నాకు అంత ఇష్టమైన తిట్లు ఆ తర్వాత ఇంకెప్పుడూ వినలేదు.

యాసంగి నాట్లకు ముందు పటేలే మేస్త్రమ్మ ఇంటికి వచ్చాడు. అప్పుడు మేం అరుగు మీద అన్నాలు తింటున్నాం. ఆయన నిలబడే మాట్లాడాడు. అందరూ రండి, కలుపు తీసిన సంగతి చూశాను, సంతోషం, కానీ ఆ పిల్ల తప్ప, అన్నాడు. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. చిన్నత్త పప్పు గిన్నె నా వైపు జరిపింది. అది ఓదార్పో, కదలకుండా కూర్చోమనడమో నాకు తెలియలేదు.

మేస్త్రమ్మ లేవలేదు. అన్నం అంటిన చెయ్యి ఎత్తి, బొటనవేలు లోపలికి మడిచి పటేలుకు చూపించింది.

"గీ ఏలు ఇడిసిపెట్టి ముద్ద కలుపు పటేలా. నోట్లకు పోతదా సూస్త."

పటేలు ఆమె చెయ్యి చూశాడు. తన చెయ్యి చూసుకున్నాడు. బొటనవేలు లేకుండా ముద్ద ఎట్లా కలుస్తుందో నిజంగానే ఆలోచించినట్టున్నాడు, వేళ్ళు ఒకసారి కదిలించాడు కూడా. అది చూసి మా అత్తకు పొలమారింది. చివరికి ఆయనకూ నవ్వు ఆగలేదు. "మల్ల గట్లనే అయితె?" అన్నాడు.

"మల్ల ముఠానే అడుగు," అంది మేస్త్రమ్మ, ముద్ద నోట్లో పెట్టుకుంటూ.

ఆ యాసంగిలో అదే మడిలో దిగాం. మేస్త్రమ్మ వరస నిలబెట్టి, నన్ను నా పేరు పెట్టి పిలిచింది. ఊరి పేరు కాదు. వానకాలం నేను చెడగొట్టిన చోటే చూపించి, అక్కడే నిలబడమంది.  వంగాక నారు ముగ్గు పిండైంది, వేళ్ళు వాటంతట అవే కణుపు దగ్గర ఆగాయి. పాట ఎప్పుడు మొదలైందో, నేను ఎప్పుడు గొంతు కలిపానో గుర్తు లేదు. గట్టెక్కి చూస్తే నా మొక్కలు కూడా అందరి మొక్కల్లాగే గాలికి ఊగుతున్నాయి. ఒకటీ అరా తేలాయి కూడా.

ఒప్పుకుంటాను, నాకు పొగరు ఎక్కువ. మడి పచ్చబడ్డాక పటేలు చూడటానికి వస్తాడు కదా, అప్పుడు ఆయన ముందర నిలబడి, ఇదిగో ఇది నేను వేసిన పట్టె అని వేలెత్తి చూపించాలని రోజూ అనుకునేదాన్ని. ఏ మాట అనాలో, ఏ గొంతుతో అనాలో వంట చేస్తూ మా అత్త ముందరే అభ్యాసం చేశాను.

ఆ రోజు వచ్చింది. పక్క మడిలో కలుపు తీస్తున్నాం. పటేలు కర్ర పట్టుకుని పెద్ద మడి గట్టు మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. మళ్ళీ వెనక్కి నడిచాడు. వంగి చూశాడు. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. నేను చేతులు కడుక్కుని, కొంగు దోపుకుని, ఆయన పక్కకు పోయి నిలబడ్డాను.

మడి అంతా ఒకటే పచ్చదనం. గట్టు నుంచి గట్టుకు ఎక్కడా గీత లేదు, పాపిడి లేదు. నేను నిలబడిన చోటును గుర్తుపడదామని ఎదురుగా ఉన్న కరెంటు స్తంభాన్ని చూసుకున్నాను, నీళ్ళ తూమును చూసుకున్నాను. మా అత్త పట్టె ఎక్కడ ఆగిందో, చిన్నత్తది ఎక్కడ మొదలైందో, నడుమ నాది ఏదో నాకే తెలియలేదు. ఎంత వెతికినా దొరకలేదు.

"ఏది, నువ్వేసిందేదమ్మా?" అని అడిగాడు పటేలు.

నేను అభ్యాసం చేసిన మాట ఒక్కటీ నోటికి రాలేదు. నవ్వు వచ్చింది.

"ముఠా ఏసింది పటేలా," అన్నాను.